రెండోసారి అడిగితే

జూన్ 9

రెండేళ్ళ క్రితం ఆయన ఆఫీసులో ఇచ్చిన డైరీ ఇది. తారీఖులు ఉన్నాయి గానీ వారాలు కలవవు. పారేయడానికి మనసొప్పక దాచాను. వారాల మీద గీత కొట్టుకుంటూ రాసుకోవచ్చు.

చెల్లెలి కూతురు వచ్చింది. బిజినెస్ స్కూల్లో చదువు మొన్న ఏప్రిల్లో అయిపోయింది. బిస్కెట్ల కంపెనీలో ఉద్యోగం. నెల రోజులు ఈ ఊళ్ళో శిక్షణ, ఆ తర్వాత ఎక్కడ వేస్తారో తెలియదట. "నీ దగ్గరుంటే నాకు బెంగ లేదక్కా" అంది చెల్లి ఫోన్లో. మావాడు హాస్టల్లో ఉన్నాడు కాబట్టి వాడి గది ఖాళీయే. దుప్పట్లు మార్చాను. బీరువాలో రెండు అరలు తీసిపెట్టాను. స్నానాలగదిలో దానికోసం వేరే కొక్కెం కొట్టించాను.

వచ్చిన కాసేపటికే తడి తువ్వాలు తెచ్చి మా కొక్కేనికి తగిలించింది.

జూన్ 11

ఈ ఇంట్లో ఎవరూ దేనికోసమూ అడగాల్సిన పని లేదు. గొప్పకి రాసుకోవడం కాదు, ఉన్న మాట. ఆయన లేచేసరికి మంచం పక్కన కళ్ళజోడు, దాని పక్కన పేపరు. స్నానం చేసి వచ్చేసరికి మంచం మీద చొక్కా, పాంటు, చేతిరుమాలు, ఆ వరసలోనే. గుమ్మం దగ్గర బాక్సు పెట్టిన సంచి. వానలు మొదలైతే తలుపు వెనక కొక్కేనికి గొడుగు. పెళ్ళయిన కొత్తలో రోజూ అడిగేవారు, నా చొక్కా ఏది, నా గొడుగు ఏది అని. ఏడాది తిరక్కుండా ఆ అవస్థ తప్పించాను.

ఈ పిల్ల మాత్రం పొద్దున లేచింది మొదలు అడగడమే.

"పెద్దమ్మా, ఛార్జరు చూశావా?"

"పెద్దమ్మా, చక్కెర ఎక్కడ?"

డబ్బా మీద చక్కెర అని కాయితం అంటించి ఉంది. డబ్బా దాని ముక్కు ముందే ఉంది. అదే చెప్పాను.

"వెతకడం కంటే అడిగితే తొందరగా తెలుస్తుంది కదా" అంది.

"బిజినెస్ స్కూల్లో నేర్పారా?"

"అవును పెద్దమ్మా. రెండేళ్ళూ అదే నేర్పారు" అని నవ్వి, చక్కెర డబ్బా మూత పెట్టకుండా వెళ్ళిపోయింది.

జూన్ 14

పిల్ల ఉద్యోగం నేననుకున్నట్టు చల్లటి గదిలో కుర్చీ కాదు. పొద్దున్నే బిస్కెట్ల వ్యాను ఎక్కి దుకాణం దుకాణానికీ తిరగాలట. వేరే కంపెనీ వాళ్ళ పాకెట్లు ముందు వరసలో ఉంటే దుకాణదారుతో మంచిగా మాట్లాడి వెనక్కి జరిపించాలట. ముఖం ఎండకి కందిపోయి వచ్చింది.

"ఇందుకా ఇంత చదువు?" అన్నాను.

"ఇందుకే. ఎంత మంచి బిస్కెట్టయినా వెనక వరసలో ఉంటే ఎవరికీ కనబడదు పెద్దమ్మా."

అన్నాల దగ్గర ఆయన్ని అడిగింది, "పెదనాన్నా, మీ ఇన్సూరెన్సులో దొంగ క్లెయిములు ఎలా పట్టుకుంటారు?" అని. ఆయన ఇంట్లో ఆఫీసు సంగతులు మాట్లాడరు. ఆ మాటే చెప్పబోయాను. అప్పటికే ఆయన కంచం పక్కకి జరిపారు.

"ఒకాయన దుకాణం కాలిపోయిందని క్లెయిము పెట్టాడు. వెళ్ళి చూశాను. బల్లలు బొగ్గయ్యాయి, ఫాను కరిగి వేలాడుతోంది, గోడలన్నీ మసి. మధ్యలో మేకుకి వాళ్ళ తాతగారి ఫొటో మాత్రం నిగనిగలాడుతోంది. అద్దం మీద ధూళి కూడా లేదు. ఏమయ్యా, నిప్పుకి మీ తాతగారంటే ఇంత గౌరవమా అన్నాను."

"అంటే?"

"ముందు రోజే ఇంటికి తీసుకెళ్ళి దాచుకున్నాడు. తాతగారు కాలిపోతారని భయం. తర్వాత రోజు, ఖాళీగా ఉంటే అనుమానం వస్తుందని మళ్ళీ తెచ్చి తగిలించాడు."

పిల్ల పొలమారేలా నవ్వింది. ఆయన కూడా నవ్వారు, భుజాలు కదిలేలా. నేను వంటింట్లో కుళాయి కింద గిన్నె పెట్టి నిలబడ్డాను. గిన్నె ఎప్పుడో నిండింది.

జూన్ 15

పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. ఆ తాతగారి ఫొటో సంగతి నాకు తెలియదు.

జూన్ 20

పిల్ల సూట్‌కేసు పైన పెట్టడానికి అటక ఎక్కి క్యారమ్ బోర్డు దించింది. అది ఆయనది, కాలేజీ నాటిది. ఏడాదికోసారి నేనే దించి, తుడిచి, పాత దుప్పటిలో చుట్టి పైన పెడుతున్నాను. కాయిన్లు, స్ట్రైకరు ఒక డబ్బాలో, పౌడరు ఒక డబ్బాలో. ఇన్నేళ్ళలో ఒక్క కాయిను పోలేదు. ఆడుకోవచ్చన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

అన్నాలయ్యాక హాల్లో వేసుకుని కూర్చున్నారు. ఆయన మోకాలు మడిచి నేల మీద కూర్చోవడం చూసి ఎన్నాళ్ళయిందో. నాకు కూర్చోవాలని లేదు. గిన్నెలు ఉన్నాయి.

"పెదనాన్నా, ఇది అన్యాయం. మీరు కాలేజీ చాంపియన్ అని ముందే చెప్పొద్దూ!"

"చెబితే నువ్వు ఆడవుగా, మేనేజరు గారూ."

మేనేజరు గారట. వచ్చి రెండు వారాలు కాలేదు, దానికి పేరు పెట్టారు. నన్ను పిలవడానికి ఆయనకు మొదటినుంచీ "ఇదిగో" సరిపోయింది.

జూన్ 21

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. బోర్డు తుడిచాను. తుడుస్తుంటే స్ట్రైకరు చేతికి తగిలి ఒక కాయిను పడింది. మళ్ళీ పైకి తీసి పెట్టాను.

జూన్ 24

చెల్లి ఫోన్ చేసింది. "బావగారు మా దానికి క్యారమ్స్ నేర్పుతున్నారటగా! ఆయన అంత సరదా మనిషని ఎప్పుడూ చెప్పలేదేం అక్కా?"

ఏం చెప్పను? స్టవ్ మీద ఏదో ఉందని పెట్టేశాను. స్టవ్ మీద ఏమీ లేదు.

సాయంత్రం ఇద్దరూ నడకకి వెళ్ళారు. డాక్టరు చెప్పి నాలుగేళ్ళయింది ఆయన్ని నడవమని. నేను చెబితే మోకాళ్ళు అంటారు. పిల్ల బూట్ల తాళ్ళు కట్టుకుంటూ "వస్తారా?" అంది, అంతే, లేచారు.

షాంపూ సీసా సగం అయింది. మామూలుగా మాకు రెండు నెలలు వస్తుంది. ఊరికే గమనించి రాశాను.

జూన్ 26

బోర్డు తుడిచాను.

జూన్ 27

ఈ పిల్ల సెలవు దొరికితే ఇంటి పట్టున ఉండదు. ఆఫీసు స్నేహితులతో బస్సో రైలో ఎక్కి ఎక్కడికో వెళ్ళిపోతుంది. పొద్దున దిగిన ఊళ్ళో సాయంత్రందాకా తిరిగి, టీ తాగి, వచ్చేస్తుంది. అక్కడ ఏముందంటే ఏమీ లేదంటుంది, ఊరు చూశానంటుంది. ఒక్క జత బట్టలు, ఒక నీళ్ళ సీసా, అంతే సామాను. పాత బస్సు టికెట్లు పుస్తకాల్లో గుర్తుకి పెట్టుకుంటుంది. ఫోన్లో ఫొటోలు ఆయనకి చూపిస్తుంటే వెనక నుంచి నేనూ చూశాను. ఒక ఫొటోలో ఏదో స్టేషను బెంచీ మీద పడుకుని నిద్రపోతోంది, బూట్లు తలకింద పెట్టుకుని. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని నిద్ర అది.

ఆ వయసులో నేను ఒంటరిగా ఎక్కిన బస్సు ఒక్కటీ గుర్తు రావడం లేదు. అసూయ అని కాదు. గుర్తు రావడం లేదని రాస్తున్నాను.

జూన్ 28

రేపు ఆదివారం ఊరి బయట పెద్ద చెరువుకి వెళుతున్నారు. పడవలున్నాయట. ఆయన కూడా వెళుతున్నారు! పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

"పెద్దమ్మా, నువ్వూ వస్తావా?"

"నాకెక్కడ కుదురుతుంది? వద్దులే" అన్నాను.

"సరే పెద్దమ్మా" అని వెళ్ళిపోయింది.

సరే పెద్దమ్మా!

రేపు పొద్దున మళ్ళీ అడుగుతుంది. ఎందుకైనా మంచిదని నీలం చీర ఇస్త్రీ చేశాను. చెప్పులు తుడిచి గుమ్మం పక్కన పెట్టాను. అన్నం ముగ్గురికీ కట్టాలి.

జూన్ 29

వెళ్ళారు. మూడు పొట్లాలు సంచిలో పెట్టి ఇచ్చాను. ఆయన సంచి ఎత్తి చూసి, నా వైపు చూసి, "బరువుగా ఉందే" అన్నారు. పిల్ల "తలుపేసుకో పెద్దమ్మా" అంది. ఇద్దరిలో ఒక్కరికీ ఇంకోసారి అనాలనిపించలేదు.

పొద్దంతా బోర్డు తుడిచాను.

చీకటిపడే వేళకి వచ్చారు. ఆయన ముక్కు ఎర్రబడింది. తెడ్డు వేశారట. పడవవాడు "మీరు కూర్చోండి సారూ" అన్నా వినలేదట. పిల్ల చెబుతోంది, ఆయన వద్దు వద్దంటూ వింటున్నారు. సంచి కడగడానికి తీస్తే మూడో పొట్లం ముడి కూడా విప్పకుండా అలాగే ఉంది. పడవవాడికైనా పెట్టొచ్చుగా. నేను చేసింది అంత పనికిరాకుండా పోయిందన్నమాట.

జూలై 1

నాకు కోపం లేదు.

జూలై 2

నీలం చీర మళ్ళీ మడతపెట్టి లోపల పెట్టాను.

జూలై 5

పిల్లని కంపెనీ వాళ్ళు ఈ ఊళ్ళోనే వేశారు. ఏడాదికి తక్కువ కాకుండా ఉండాలట. పరుగెత్తుకొచ్చి చెప్పింది. తర్వాత కాస్త తగ్గి, బల్ల మీద గీతలు గీస్తూ అడిగింది.

"ఏడాదీ ఇక్కడే ఉండనా పెద్దమ్మా? కుదరకపోతే చెప్పు. నేనేమీ అనుకోను."

"అయ్యో, అదేం మాట? ఇది నీ ఇల్లు కాదూ? ఉండు" అన్నాను. నా నోరు, నా మాట. ఎవరు అనిపించారో తెలియదు.

"థాంక్స్ పెద్దమ్మా!" అని మెడ చుట్టూ చేతులు వేసింది. ఆయన హాల్లోంచి "అయితే మేనేజరు గారికి పర్మనెంటు పోస్టే" అన్నారు.

ఏడాది. ఈ ఇంట్లో ముందు వరసలోకి వచ్చేసింది. నేను వెనక వరసకి నెట్టిన బిస్కెట్టు పాకెట్టులా నిలబడ్డాను.

జూలై 6

బోర్డు తుడిచాను. ఎర్ర కాయిను పడింది, దాని వెనక తెల్లది కూడా.

జూలై 8

పిల్ల ఆఫీసు దగ్గర ఒక గది చూశాను. కూరల కోసం వెళ్ళినప్పుడు ఆ వీధిలోంచి వచ్చాను, అంతే. గేటుకి 'గది అద్దెకు' అని బోర్డు వేలాడుతోంది. కింద ఇంటావిడ రిటైరైన నర్సు. గట్టి మనిషి, గొంతులో ఇంకా వార్డు ఉంది. మేడమీద గది, దానికి వేరే స్నానాలగది. కుళాయిలు తిప్పి చూశాను, ధార బాగుంది. గడియలు వేసి చూశాను. కిటికీకి దోమల జాలీ ఉంది. మెట్ల మీద దీపం వెలుగుతోంది. పక్కింట్లో ఎవరున్నారో కనుక్కున్నాను. బస్‌స్టాపు దాకా నడిచి చూశాను.

"మీ అమ్మాయికా?" అంది నర్సు.

"చెల్లెలి కూతురికి."

"ఇంత జాగ్రత్తగా సొంత తల్లి కూడా చూడదమ్మా" అంది.

ఆ మాట విని తిరుగు దారిలో ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. ఎవరూ లేరు కూడా, మాట్లాడటానికి.

జూలై 9

దాని మంచికే. ఎండలో తిరిగి వస్తోంది, మళ్ళీ బస్సులో ఇంత దూరం. నేను కాకపోతే ఎవరు ఆలోచిస్తారు?

జూలై 10

చెప్పాను. ఆఫీసుకి నడిచి వెళ్ళొచ్చు, బస్సు బాధ ఉండదు, నర్సు గారు ఇంటి మనిషిలా చూసుకుంటారు అని అన్నీ చెప్పాను.

పిల్ల ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "సరే పెద్దమ్మా" అంది. దాని సరేలో ఎప్పుడూ రెండో మాట ఉండదు.

ఆయన కంచంలో నీళ్ళు పోసి లేచారు. సగం అన్నం అలాగే ఉంది.

"గది బాగుందా?" అని అడిగారు, చేతులు తుడుచుకుంటూ.

"అన్నీ చూశాను."

"నువ్వు చూస్తే చూసినట్టే" అన్నారు. మెచ్చుకున్నట్టు లేదు.

జూలై 13

పిల్ల వెళ్ళింది. సామాను నేనే సర్దాను. దానికి వదిలేస్తే సాక్సులు పుస్తకాల మధ్య, పుస్తకాలు బూట్లలో పెడుతుంది. అది మంచం మీద కాళ్ళు ఆడిస్తూ కూర్చుని చూసింది.

"పెద్దమ్మా, ఇక్కడే ఉండనా అంటే ఉండమన్నావు. మూడు రోజుల్లో గది చూశావు. రెండిట్లో ఏది నిజం?"

"రెండూ నీ మంచికే."

"నా మంచి నేను అడగలేదు. నీకేం కావాలో అడిగాను."

దుప్పటి మూలలు కలిపాను. నన్ను ఆ మాట ఎవరైనా అడిగి చాలాకాలమైంది. జవాబు ఎక్కడ పెట్టానో వెంటనే దొరకలేదు.

"ఆరోజు చెరువుకి రమ్మంటే వద్దన్నావు. మూడు పొట్లాలు కట్టావు. అక్కడ సంచి విప్పాక చూశాం. నేను ఆ మూడోది పడవతనికి ఇద్దామన్నాను. పెదనాన్న ఇవ్వనివ్వలేదు. అది మీ పెద్దమ్మ సీటు అన్నారు. వచ్చేదాకా పక్కనే పెట్టుకున్నారు."

"మరి పొద్దున బయల్దేరేటప్పుడు ఇంకోసారి అనకపోయావా? నోరు అరిగిపోతుందా?"

అనేశాను. 

"నేను ఎవర్నీ రెండోసారి అడగను పెద్దమ్మా. మా అమ్మ సంగతి నీకు తెలుసుగా! నేను దేనికి వద్దన్నా వదలదు. తిను, వేసుకో, రా, పాడు. పదిసార్లు అడిగి అవుననిపించేది. నా 'వద్దు'కి ఇంట్లో పిల్లికున్న విలువ కూడా ఉండేది కాదు. అందుకే ఎవరైనా వద్దంటే అది వాళ్ళ మాట అనుకుని వదిలేస్తాను. గౌరవం అనుకుంటాను."

నేను అవమానం అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు. సూట్‌కేసు జిప్పు వేశాను.

ఆటో ఎక్కుతూ "వస్తానే పెద్దమ్మా" అంది. వీధి చివర తిరిగేదాకా ఆయన నిలబడ్డారు. నేను లోపలికి వచ్చి ఆ గది తుడిచాను. స్నానాలగదిలో దాని కొక్కెం ఖాళీగా ఉంది. ఒక్కరోజూ దానికి తువ్వాలు వేయలేదు.

జూలై 15

ఇల్లు ఉన్నదున్నట్టు ఉంది. ఏ డబ్బాకి ఆ మూత.

జూలై 17

ఆయన వచ్చారు. తిన్నారు. పేపరు చదివారు. పడుకున్నారు.

జూలై 18

పైన రాసిందే.

జూలై 20

నర్సు గారికి ఫోన్ చేశాను, గదిలో ఫాను సరిగ్గా తిరుగుతోందా అని. "మీ పిల్ల బంగారం. నిన్న నాకు ఫోన్లో ఫొటోలు పంపడం నేర్పింది. మొన్న సాయంత్రం ఇద్దరం సినిమాకి వెళ్ళాం" అంది.

సినిమాకి! వారం తిరిగిందో లేదో. నేను వెతికిన గది, నేను తిప్పి చూసిన కుళాయిలు, నా చెల్లెలి కూతురు.

జూలై 22

ఈరోజు కళ్ళజోడు మంచం పక్కన పెట్టలేదు. సొరుగులో పెట్టాను. వంటింట్లోంచి చెవి అటే వేసి ఉన్నాను. సొరుగు తీసిన చప్పుడు, మూసిన చప్పుడు. అంతే. ఆయనే వెతుక్కున్నారు.

నన్ను అడగాలని కూడా తోచలేదు. అంత బాగా అలవాటు చేశాను.

జూలై 23

చొక్కా కూడా తీసి పెట్టలేదు. బీరువాలోంచి ఆయనే తీసుకున్నారు. బొత్తాం ఊడిన చొక్కా వేసుకుని వెళ్ళారు.

జూలై 25

సాయంత్రం ఆయన పేపరు పట్టుకుని కూర్చున్నారు. నేను బోర్డు తెచ్చి ఆయన ముందు నేల మీద వేశాను. కాయిన్లు పేర్చాను, పౌడరు చల్లాను. ఎదురుగా కూర్చున్నాను. 

ఆయన పేపరు మడిచారు. నీకు వచ్చా అని అడగలేదు.

"నువ్వే కొట్టు ముందు" అన్నారు.

కొట్టాను. రెండు తెల్లవి పడ్డాయి.

"ఊఁ. మధ్యాహ్నాల సాధన వృథా పోలేదు" అన్నారు.

స్ట్రైకరు మీద నా వేలు ఆగిపోయింది. "మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ముందు రోజు ఆడి వదిలేసిన బోర్డు మీద పౌడరు మరకలుండాలి. మేనేజరు బిస్కెట్టు తిన్న వేళ్ళ గుర్తులుండాలి. సాయంత్రం వచ్చి చూస్తే అద్దంలా ఉండేది. పౌడరు డబ్బా మాత్రం తరిగిపోయేది. నేను చేసేదే క్లెయిముల ఉద్యోగం. ఆ తాతగారి ఫొటో కూడా ఇంత శుభ్రంగా లేదు."

నవ్వు వచ్చింది. ఆపుకోబోతే కళ్ళలోంచి వచ్చింది.

"తెలిసీ ఒక్కనాడు ఆటకి పిలవలేదు."

"దాస్తున్నావు కదా, దాచుకోనీ అనుకున్నా."

"ఆ తాతగారి సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడు అడిగావు?"

"మీరు నన్నేం అడిగారు?" అని మళ్ళీ కొట్టాను. గురి తప్పింది.

"ఏం అడగను? నేను నోరు తెరిచేలోపే అన్నీ ఎదురుగా ఉంటాయి." స్ట్రైకరు తీసుకుని గురి చూస్తూ ఆగారు. "కొత్తలో రోజూ అడిగేవాణ్ణి, చొక్కా ఏది అని. కనబడక అనుకున్నావా? మంచం మీదే ఉండేది."

కొట్టారు. ఏదీ పడలేదు.

ఇంతదాకా వచ్చాక ఆ ఒక్కటి మాత్రం ఎందుకు మింగాలని అడిగేశాను. "చెరువుకి రమ్మని పిల్ల రెండోసారి అడగలేదంటే దానికి తెలియదు. మీకు తెలుసు. మీరెందుకు ఇంకోసారి అనలేదు?"

ఆయన స్ట్రైకరు నా వైపు జరిపారు.

"పెళ్ళయిన కొత్తలో మూడుసార్లు అడిగేవాణ్ణి, నాలుగోసారికి వచ్చేదానివి. తర్వాత అంత ఓపిక లేకపోయింది. ఇప్పుడు ఒక్కసారే అడిగే మనిషి దొరికింది. నాకూ ఒక్కసారి అడిగించుకుని లేవాలనిపించింది. వెళ్ళాను."

గుచ్చుకుంది. అబద్ధమైతే ఇంత గుచ్చుకునేది కాదు.  నా వంతు వచ్చింది, కొట్టాను. ఆట ఆయనే గెలిచారు, కానీ తేలిగ్గా కాదు. బోర్డు తుడవకుండా అలాగే వదిలేశాను.

జూలై 26

పొద్దున బీరువా దగ్గర నిలబడి "ఇదిగో, నీలం చొక్కా ఏది?" అని అడిగారు.

"మీ చేతికింద" అన్నాను.

"ఓహో" అన్నారు.

సాయంత్రం పిల్ల ఫోన్ చేసింది, ఆయన ఫోనుకి. ఆయన అందరికీ వినబడేలా పెట్టి బల్ల మీద ఉంచారు.

"పెద్దమ్మా, రేపు ఆదివారం కొండకి వెళుతున్నాం. పైదాకా మెట్లున్నాయి, పైన చల్లగా ఉంటుందట. నర్సు ఆంటీ కూడా వస్తున్నారు. నువ్వూ వస్తావా?"

"వద్దులే, ఈ మోకాళ్ళతో..." అనేశాను. నేను అనుకోకముందే నా నోరు అనేసింది. మోకాళ్ళు ఆయనవి. నాకే నొప్పీ లేదు.

"సరే పెద్దమ్మా."

నర్సు వెళుతుందట. నేను ఇంట్లో ఉంటానట. మూత లేని డబ్బా వెతకడానికి అటు తిరిగాను. అన్నిటికీ మూతలున్నాయి.

ఆయన ఫోను మీదకి వంగారు. "మేనేజరు గారూ, ఇంకోసారి అడగండి."

"ఏంటి పెదనాన్నా?"

"మీ పెద్దమ్మ మొదటిసారి అడిగింది లెక్కలో వేసుకోదు."

అటువైపు వెనక ఏదో బస్సు హారను.

"నేను ఎవర్నీ రెండోసారి అడగనని మీకు తెలుసుగా."

"తెలుసు. కష్టమనే అడుగుతున్నా."

నేను ఇటు తిరగలేదు. చేతికందిన డబ్బా మూత ఇంకా గట్టిగా బిగించాను.

"పెద్దమ్మా." గొంతు మారింది, మొదటిరోజు చక్కెర ఎక్కడ అన్న గొంతులా లేదు. "ఇది రెండోసారి. మళ్ళీ వద్దంటే నిజంగా వదిలేస్తాను. వస్తావా?"

"బస్సు టికెట్లు ముందే తీయాలా, ఎక్కాక తీసుకోవచ్చా?" అన్నాను.

"పెదనాన్నా, అంటే వస్తుందనా?"

"అంతే. ఇంతకంటే గట్టిగా అనదు" అన్నారు ఆయన.

"అయితే నర్సు ఆంటీ పక్కన సీటు ఉంచనా?"

"నర్సు గారు మీ పెదనాన్న పక్కన కూర్చుంటారు. నువ్వు నా పక్కన కూర్చో" అన్నాను. ఆ మాట మాత్రం ఒక్కసారికే వచ్చింది.

జూలై 27

తెల్లవారుతోంది. నీలం చీర కట్టుకున్నాను. అన్నం నలుగురికీ కట్టాను, నర్సు గారి పొట్లంలో ఉప్పు సమంగానే వేశాను. సంచి సర్దడం మాత్రం ఆయనకి వదిలేశాను. మూడుసార్లు విప్పి సర్దారు.

ఇప్పుడే గుమ్మం దగ్గర నుంచి పిలిచి గొడుగు ఎక్కడుందని అడిగారు. తలుపు వెనక కొక్కేనికి ఉంది. ఇక్కడ కూర్చుంటే నాకు కనబడుతోంది, ఆయన భుజం దానికి తగులుతోంది.

మళ్ళీ అడుగుతున్నారు.